తమ్ముడి మోకాలి కోసం ఎనిమిది రోజులు

మొదటి రోజు, శుక్రవారం: లివర్‌పూల్

పద్నాలుగేళ్లుగా నేను లివర్‌పూల్‌లో, బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మోకాళ్లు పట్టుకుని వచ్చేవాళ్లే. ఈ ఉదయం సెలవు మొదలయ్యే ముందు చివరగా చూసింది ఇరవై రెండేళ్ల అమ్మాయిని. ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలి నడిమధ్యన ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెంచుకుంది. ఆపరేషన్ జరిగి ఐదు నెలలైంది. ఇంకో నాలుగు నెలల దాకా మైదానంలోకి దిగవద్దంటే కళ్లనీళ్లు పెట్టుకుంది. అలాంటివాళ్లకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణే ఆమెకూ చెప్పాను: ఇదే ఊరి జట్టులో ఆడే వర్జిల్ వాన్ డైక్ 2020 అక్టోబరులో అదే లిగమెంటు తెంచుకుంటే, చుట్టూ అంతమంది వైద్యులు, శిక్షకులు ఉండి కూడా, మళ్లీ లీగ్ మ్యాచిలో అడుగుపెట్టింది 2021 ఆగస్టులోనే.

సాయంత్రం మాంచెస్టర్‌లో విమానం. నా సంచిలో ఒక కొలతటేపు, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో చూసే ప్లాస్టిక్ కోణమాని, మూడు రంగుల సాగే రబ్బరు పట్టీలు ఉన్నాయి. ఫోనులో మా ఊరు నగరి నుంచి మా చిన్నాన్న కొడుకు పంపిన ఎమ్మారై బొమ్మలున్నాయి. ఐదు నెలల కింద వాడు మోటారుసైకిలు మీద నుంచి పడ్డాడు. పడినట్టు నాకు చెప్పింది మాత్రం పోయిన నెలలోనే. వాడికీ ఆ అమ్మాయికీ తెగింది ఒకే లిగమెంటు.

స్టేషనుకు వెళ్తూ, కొంచెం చుట్టుతిరుగుడైనా, నెల్సన్ స్ట్రీట్ మీదుగా వెళ్లాను. ఇప్పుడది చైనా హోటళ్ల వీధి. ఆ వీధిలో 11వ నంబరు ఇంట్లో పందొమ్మిదో శతాబ్దంలో హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడు ఉండేవాడు. బ్రిటన్ ఎముకల డాక్టర్లు తమ శాస్త్రానికి పితామహుడిగా చెప్పుకునే మనిషి. ఆయన తండ్రి ఈవాన్ థామస్‌కు ఏ డిగ్రీ లేదు. వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపం నుంచి వచ్చిన, తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్లు కట్టే కుటుంబం వాళ్లది. డిగ్రీలున్న డాక్టర్లు ఆ తండ్రిని కోర్టులకు ఈడ్చారు. ఆయన తన ఐదుగురు కొడుకులనూ డాక్టరీ చదివించాడు. కొడుకు హ్యూ ఆదివారాలు బీదవాళ్లను డబ్బు తీసుకోకుండా చూసేవాడు. మోకాలి క్షయ వచ్చినవాళ్ల కోసం ఆయన ఒక ఇనుప చట్రం తయారుచేస్తే, ఆయన పోయిన పాతికేళ్లకు, మొదటి ప్రపంచ యుద్ధంలో, మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని తొడ ఎముక విరిగిన సైనికులకు వాడించాడు. అంతకుముందు చర్మం చీలి తొడ ఎముక విరిగినవాళ్లలో నూటికి ఎనభై మంది దాకా చనిపోయేవాళ్లు; ఆ చట్రం వచ్చాక చావులు ఇరవైలోపుకు దిగాయి. పుత్తూరు కట్టు కట్టేవాళ్ల ప్రాంతానికి బయలుదేరుతూ, కట్లు కట్టేవాళ్ల బిడ్డ ఉన్న వీధిని ఒకసారి చూసిపోవాలనిపించింది.

రెండో రోజు, శనివారం: దారిలో

దుబాయిలో నాలుగు గంటలు ఆగాలి. అక్కడ కూర్చుని, మాలావిలో ఏడాదిన్నర పనిచేసి వచ్చిన మా వార్డు సహోద్యోగి చెప్పిన సంగతులు గుర్తుచేసుకున్నాను. అక్కడ ఎముకల డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కాబట్టి, 1985 నుంచి డాక్టర్లు కానివాళ్లకే ప్రత్యేక శిక్షణ ఇచ్చి ఎముకల వైద్యం అప్పగించారట. దేశంలో విరిగిన కాళ్లూ చేతులూ ఎక్కువగా చూసేది వాళ్లే. తొడ ఎముక విరిగితే, లోపల రాడ్డు వేసే వసతి లేనిచోట, కాలికి బరువు కట్టి మంచం మీదే వారాల తరబడి ఉంచుతారు. ఆ మంచం మీదే రోజూ మోకాలు వంచి చాపిస్తారు. అమెరికాలోని ఒక స్వచ్ఛంద సంస్థ, ఆపరేషన్ థియేటరులో ఎక్స్‌రే యంత్రం లేకపోయినా వేయగలిగేలా తయారుచేసిన రాడ్లను ఇలాంటి ఆసుపత్రులకు ఉచితంగా పంపుతుంది. ప్రతి రాడ్డుకూ ఆ రోగి ఎక్స్‌రేలను తిరిగి పంపితే, దాని స్థానంలో ఇంకోటి వస్తుంది. ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే శస్త్రచికిత్స అందుబాటులో లేదని 2015లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘం లెక్కకట్టింది. ఆ అంకె చదివినప్పుడు నాకు మాలావి గుర్తొచ్చింది గానీ నగరి గుర్తురాలేదు. మనవాళ్లకు అన్నీ ఉన్నాయనే నా లెక్క.

చెన్నైలో దిగేసరికి మధ్యాహ్నం. మాధవరం బస్టాండులో తిరుపతి బస్సు ఎక్కాను. తిరుత్తణి దాటగానే ఆకాశంలో నగరి ముక్కు కనబడింది. మనిషి వెల్లకిలా పడుకుని మొహం పైకెత్తినట్టుండే ఆ కొండ కొసను చూస్తే తప్ప, ఊరు చేరినట్టు నాకు అనిపించదు.

మూడో రోజు, ఆదివారం: నగరి

మరమగ్గాలకు సెలవు. ఊళ్లో ఆ చప్పుడు లేకపోతే చెవుల్లో ఏదో వెలితి. తమ్ముడు పట్టెమంచం మీద కూర్చుని కాలు చాపాడు. ముప్పై ఒక్కేళ్లవాడు, రెండు మగ్గాలు చూసే కూలీ.

"నేరుగా నడిస్తే బానే ఉండాది అన్నా. పక్కకి తిరిగితేనే లోపల ఎముక జారిపోతాది," అన్నాడు. ఏసీఎల్ తెగిన మోకాలిని గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసినదంతా ఈ రెండు వాక్యాలే.

పడినరోజు లోపల టప్ మని చప్పుడు విన్నాడు. రెండు గంటల్లో మోకాలు గుమ్మడికాయంత అయింది. అంత తొందరగా వాచిందంటే లోపల రక్తం కారుతున్నట్టే. ఏదో తెగి ఉంటుందని అక్కడే అనుమానించాలి. వీడిని బంధువులు రాత్రికి రాత్రి, దగ్గర్లోని ఒక ఊళ్లో కట్లు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకుపోయారు. వెదురుబద్దలతో బిగించి కట్టి, మూడు వారాలకు విప్పి మళ్లీ కట్టాడు. వాపు తీసింది, నొప్పి తగ్గింది, నయమైందనుకున్నారు. ఆరు వారాలు కదలని కాలు ఎండిపోయింది. మగ్గం దగ్గరికి పోయిన నాలుగో రోజే, నూలు చుట్టిన కండె మార్చడానికి గిర్రున తిరిగి కుప్పకూలాడు.

మోకాలిని ముప్పై డిగ్రీలు వంచి, ఎడమచేత్తో తొడ అదిమిపట్టి, కుడిచేత్తో కాలిపిక్కను ముందుకు లాగి చూశాను. ఏసీఎల్ బాగున్నచోట కాస్త జరగగానే మోకు బిగిసినట్టు టక్కున ఆగుతుంది. వీడిది ఎక్కడా ఆగలేదు. తడి గోనెసంచిని లాగినట్టు మెత్తగా వచ్చేస్తూనే ఉంది. బాగున్న కాలితో పోల్చి చూసినప్పుడు, తేడా మా చిన్నమ్మ కూడా పక్కన కూర్చుని కళ్లతో పట్టేసింది. మోకాలి చిప్పకు పదిహేను సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత తీస్తే, రెంటికీ మూడున్నర సెంటీమీటర్ల తేడా. ఎమ్మారైలో లోపలివైపు మెనిస్కస్ కూడా కొంచెం చీలినట్టుంది. రెండు ఎముకల మధ్య దిండులాగా ఉండే మృదులాస్థి అది. మోకాలు జారిన ప్రతిసారీ ఆ చీలిక ఇంకాస్త పెరుగుతుంది. ఇప్పటికి ఎన్నిసార్లు జారిందిరా అంటే, వేళ్లు మడిచి లెక్కపెట్టి, పదకొండు దగ్గర ఆపేశాడు.

అలవాటుకొద్దీ, లివర్‌పూల్‌లో ప్రతి రోగితో నింపించే ప్రశ్నపత్రం వీడి ముందు పెట్టాను. కూస్ అంటారు దాన్ని. స్వీడన్‌లోని లుండ్‌లో పుట్టింది, 42 ప్రశ్నలు, ప్రపంచమంతా వాడతారు. మేజోళ్లు తొడుక్కోవడానికి ఎంత ఇబ్బంది? స్నానాల తొట్టిలోకి దిగడానికి? వాడు నా వైపు అయోమయంగా చూశాడు. వాడి పుట్టుకలో మేజోళ్లు తొడుక్కుంది పెళ్లినాడే. బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోవడం గురించి గానీ, పన్నెండు గంటలు రెండు మగ్గాల మధ్య అటూ ఇటూ తిరగడం గురించి గానీ అందులో ఒక్క ప్రశ్న లేదు. నేల మీద బాసింపట్టు వేయాలన్నా, గొంతుకూర్చోవాలన్నా మోకాలు దాదాపు పూర్తిగా మడవాలి. మా వార్డులో 120 డిగ్రీలు వంగితే సంతోషించి ఇంటికి పంపేస్తాం. మన ఇళ్లలో 120 డిగ్రీల మోకాలు భోజనాల దగ్గర పీట కోసం వెతుక్కుంటుంది.

నాలుగో రోజు, సోమవారం: ఈశ్వరాపురం

పుత్తూరు పక్కన ఈశ్వరాపురం. పుత్తూరు కట్టు అంటే తెలియని తెలుగువాడు, ఆ మాటకొస్తే తమిళుడు, అరుదు. రాజుల కుటుంబం ఒకటి తరాలుగా ఇక్కడ కట్లు కడుతోంది. ఆ పేరు బోర్డు మీద రాసుకుని ఎక్కడెక్కడో దుకాణాలు తెరిచినవాళ్లకు లెక్కలేదు; తమ్ముడికి కట్టినాయన అలాంటివాడే. కనుక అసలు చోటు చూడకుండా మాట్లాడడం తప్పనిపించి వెళ్లాను.

పొద్దున ఎనిమిదికే ఆటోలు, కార్లు, ఒక మినీ వ్యాను. ఎక్స్‌రేలు చేతపట్టుకుని వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్స్‌రే లేనివాళ్లకు కట్టరేమో అనుకునేంతగా. ఒక పిల్లవాడికి ముంజేయి విరిగింది. కట్టే మనిషి ముందు విరిగినచోట బొటనవేలితో మెల్లగా తడిమాడు. నేను కాలేజీలో నేర్చుకున్న తడమడానికీ అతని తడమడానికీ తేడా ఏమిటని కళ్లార్పకుండా చూశాను. తేడా లేదు, అతని చెయ్యి నాకంటే తేలిక, అంతే. ఒక్క లాగుతో ఎముకను వరసలోకి తెచ్చి, ఆకుపసరు ముద్ద, కోడిగుడ్డు తెల్లసొన రాసి, గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పేర్చి కట్టేశాడు. తెల్లసొన ఆరితే గట్టిపడుతుంది. యూరప్‌లోనూ ప్లాస్టరు కట్లు రాకముందు గుడ్డుసొనతో కట్లు బిగించడం ఉండేది. పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టేలోపు పని ముగిసింది. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇంటికి. ఖర్చు పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకునే ఖర్చుకు కాస్త ఎక్కువ.

ఈ పద్ధతిని ఎగతాళి చేసే డాక్టర్లు నాకు చాలామంది తెలుసు. చర్మం చీలకుండా, పెద్దగా పక్కకు తప్పుకోకుండా విరిగిన ఎముక, వరసలో పెట్టి కదలకుండా ఉంచితే దానంతటదే అతుక్కుంటుంది. ఆ పని చేసేది ఆకుపసరు కాదు, వెదురుబద్ద. అలాంటి విరుపులకు ఇక్కడికి రావడంలో అవివేకం ఏమీ లేదు. చిక్కంతా మోకాలి దగ్గరే. ఏసీఎల్ ఎముక కాదు, అతుక్కోవడానికి. కీలు లోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది కాబట్టి తెగిన రెండు కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు. ఎన్ని వారాలు కట్టి ఉంచినా ఆ కొసలు కలవడం అరుదు. పైగా కదలని ప్రతి వారం తొడ కండరాన్ని తినేస్తుంది. తెగిన లిగమెంటు పనిని కొంతవరకైనా మోయగలిగేది ఆ కండరాలే. అంటే తమ్ముడికి కట్టిన కట్టు ఉన్న ఆధారాన్ని కూడా తీసేసింది. ఈ మాట నేను పక్కన కూర్చున్న పెద్దాయనతో అంటే, "మోకాలైతే ఇక్కడే చెప్పేస్తారు సార్, ఎమ్మారై తీసుకోమని," అన్నాడు. ఆయన నాలుగోసారి వచ్చాడట.

ఐదో రోజు, మంగళవారం: తిరుపతి

ఫిజియోథెరపీ చదివిన రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు ఇప్పుడు జిల్లాలో ఒక ఆసుపత్రిలో ఎముకల డాక్టరు. రెండేళ్ల కిందటి ఒక కేసు చెప్పాడు. రాసే ముందు అతని అనుమతి తీసుకున్నాను. ఊళ్లూ పేర్లూ రాయడం లేదు.

పాలవ్యాను గుద్ది ఒక రైతుకూలీ మోకాలు మొత్తం స్థానం తప్పింది. తొడ ఎముక, కాలి ఎముక ఒకదాని మీది నుంచి ఒకటి పక్కకు జారిపోవడం అది. సాధారణంగా రెండు, మూడు, అంతకంటే ఎక్కువ లిగమెంట్లు ఒకేసారి తెగితేనే అలా జరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు లాగి సరిచేశారు. చూడడానికి కాలు చక్కగా ఉంది. ప్రమాదమంతా ఆ చక్కగా ఉండడంలోనే ఉంది. మోకాలి వెనక గుంటలో కాలికి రక్తం తీసుకుపోయే పెద్ద ధమని పైనా కిందా గట్టిగా బిగించినట్టు ఉంటుంది, అటూ ఇటూ తప్పుకునే వీలు లేదు. కీలు జారితే అది సాగి, లోపలి పొర చీలి, గడ్డకట్టి మూసుకుపోతుంది. పాదం మీద నాడి చూడాలి. చేతికీ కాలికీ రక్తపోటు కొలిచి పోల్చాలి, కాలిది చేతిదానిలో తొంభై శాతం కంటే తక్కువుంటే అనుమానించాలి. రెండింటికీ కలిపి ఐదు నిమిషాలు చాలు. ఆ కూలీని మొదట చేర్చినచోట ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని కట్టు కట్టి పడుకోబెట్టారు. పాదం చల్లబడిందని పొద్దున అతని భార్య చెబితే, అప్పుడు అంబులెన్సు, అక్కడి నుంచి ఇంకో ఆసుపత్రి, రక్తనాళాల సర్జను లేడని ఇంకో ఊరు. మొత్తం పదమూడు గంటలు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ధమనిని కట్టేసి ఊరుకున్నప్పుడు నూటికి డెబ్బై మందికి పైగా కాలు పోయింది. కొరియా యుద్ధంలో కుట్టడం మొదలుపెట్టాక అది ముప్పైకి దగ్గరగా తగ్గింది. 1977లో అమెరికాలో ఇలాంటి కేసులను పోగుచేసి చూస్తే, ఎనిమిది గంటలలోపు రక్తం మళ్లీ పారించినవాళ్లలో నూటికి పదకొండు మందికి, ఆ గడువు దాటినవాళ్లలో ఎనభై ఆరు మందికి కాలు తీసేయవలసి వచ్చింది. ఇంగ్లండులో 2012 నుంచి పెద్ద ప్రమాదాలకు ప్రత్యేక కేంద్రాల వ్యవస్థ ఉంది. అంబులెన్సు సిబ్బంది దగ్గరి ఆసుపత్రిని దాటి నేరుగా అక్కడికే తీసుకుపోతారు, ఆ మెలకువ కోసమే దాన్ని పెట్టారు. మన 108 అంబులెన్సు 2005లో హైదరాబాదులో మొదలై ఊరూరికీ చేరింది, గొప్ప పనే. అది సాధారణంగా దగ్గరి ఆసుపత్రికి చేరుస్తుంది. దగ్గరిది, సరైనది ఒకటి కావాలంటే మాత్రం అదృష్టం కావాలి.

ఆ కూలీకి మోకాలి పైకి కాలు తీసేశారు. మోకాలి కింద పోతే కృత్రిమ కాలు తేలిక, పైకి పోతే కృత్రిమ మోకాలు కూడా కావాలి. ధనిక దేశాల్లో చిప్పు అమర్చిన మోకాళ్లకు లక్షలకు లక్షలు పోస్తారు. జైపూర్ కాలు సంస్థతో కలిసి స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు తయారుచేసిన ప్లాస్టిక్ మోకాలు ఇరవై డాలర్ల ఖరీదుతోనే వచ్చింది. 2009లో టైమ్ పత్రిక ఆ ఏడాది మేలైన ఆవిష్కరణల జాబితాలో దాన్ని చేర్చింది. తిరుపతిలో తిరుమల దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రిలోనూ కృత్రిమ అవయవాలు అమర్చుతారు. అతనికి ఎక్కడ అమర్చారో స్నేహితుడికి తెలియదు. ఆ తరువాత అతను మళ్లీ రాలేదు.

మధ్యాహ్నం బర్డ్ ముందు కాసేపు కూర్చున్నాను. మోకాలి మార్పిడి కోసం వచ్చిన ఆడవాళ్లే ఎక్కువ. ఏసీఎల్ తెగినవాళ్లలో దాదాపు సగం మందికి పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచేసరికి మోకాలు అరుగుతుంది, ఆపరేషన్ చేయించుకున్నా సరే. కనుక తమ్ముడి వరస కూడా ఈ బెంచీకే వచ్చే వీలుంది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతవరకు లక్షన్నర దాటి అమ్మిన మామూలు కోబాల్ట్ క్రోమియం రకం 54,720 రూపాయలకు దిగింది. లోహానికి ధర కట్టగలిగారు. ఇంట్లో సంపాదించే మనిషి మూడు నెలలు మంచం మీద ఉంటే అయ్యే ధర ఏ గెజిట్‌లోనూ రాదు.

ఆరో రోజు, బుధవారం: రాణీపేట

షోళింగర్ మీదుగా రాణీపేటకు రెండు గంటలు. వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్లు 2022లో చెన్నై-బెంగళూరు రహదారి పక్కన కొత్త ఆవరణ తెరిచారు. ప్రమాద బాధితుల కోసం పెద్ద కేంద్రం అందులోనే ఉంది. చిత్తూరు జిల్లావాళ్లం చిన్నప్పటి నుంచి ఏ పెద్ద జబ్బు వచ్చినా వేలూరే అంటాం. వరండాలో వినపడిన మాటల్లో తెలుగు, తమిళం, బెంగాలీ సమానంగా ఉన్నాయి.

దారిలో ఎంతో గౌరవంగా తమ్ముడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "పంతు ఆడడంలేదా, నేను ఆడించలేనా మగ్గం?" రిషభ్ పంత్ కారు 2022 డిసెంబరు 30న రూర్కీ దగ్గర బోల్తాపడింది. కుడి మోకాలి లిగమెంట్లు తెగితే, ఐదు రోజుల్లో విమాన అంబులెన్సులో ముంబై చేర్చి, జనవరి మొదటివారంలో ఆపరేషన్ చేశారు. ఒకే పనిగా దాన్ని బాగుచేసుకుంటూ అతను మళ్లీ ఐపీఎల్ మైదానంలో కనబడింది 2024 మార్చిలో. దాదాపు పదిహేను నెలలు. "నిన్ను పదిహేను నెలలు ఎవడు మేపుతాడురా?" అందామనుకుని ఊరుకున్నాను. అంతకుముందు నెలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వీడి ఆపరేషనుకు లక్షా డెబ్బై వేలు అవుతుందని కాగితం రాసిచ్చింది. వాడికి వారానికి మూడు వేల చిల్లర వస్తుంది. ఏడాది కూలి.

ఇక్కడి డాక్టరు ఓపికగా చూశాడు. నేను లాగి చూసినట్టే లాగి చూశాడు, ఎమ్మారైలో చీలిక చిన్నదని, మోకాలు మడతలో ఇరుక్కుపోవడం లేదు కాబట్టి తొందరలేదని చెప్పాడు. ముందు పన్నెండు వారాలు తొడ కండరాలను గట్టిపరచమని, అప్పటికీ మోకాలు జారుతుంటే తొడ వెనకాల నరాలను తీసి కొత్త లిగమెంటు అమర్చుదామని. నరాలు అన్నది వీడికి అర్థమయ్యేందుకు. అవి కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు. తమ్ముడు నా వైపు అనుమానంగా చూశాడు. ఆపరేషన్ వద్దనడం డబ్బు లేనివాళ్లకు చెప్పే మాట అని వాడి భయం.

బయటికి వచ్చి టీ తాగుతూ వాడికి స్వీడన్ సంగతి చెప్పాను. లుండ్ ప్రాంతంలో ఏసీఎల్ తెగిన 121 మంది చురుకైన యువతీయువకులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్, వ్యాయామం. రెండో గుంపులోని 59 మందికి ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. 2010లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, రెండేళ్లకు రెండు గుంపుల మోకాళ్లూ సమానంగానే ఉన్నాయి. రెండో గుంపులో ఆపరేషన్ దాకా వెళ్లింది 23 మందే, ఐదేళ్లకు ఆ సంఖ్య దాదాపు సగానికి చేరింది. తరువాత బ్రిటన్‌లో తెగి చాలాకాలమైన మోకాళ్ల మీద జరిపిన పరీక్షలో, 2022 నాటికి, ఆపరేషన్ వైపే మొగ్గు కనిపించింది. కాబట్టి ఇది బీదవాడికి చెప్పే మాట కాదు. ధనిక దేశాల్లోనే ఇంకా వాదన నడుస్తున్న మాట.

అయితే వాడికి చెప్పనిది ఒకటి ఉంది. స్వీడన్‌లో వ్యాయామం అంటే నెలల తరబడి పక్కన నిలబడి చూసే ఫిజియోథెరపిస్టు. లివర్‌పూల్‌లో ఆపరేషనుకు పద్దెనిమిది వారాల గడువు కాగితం మీద ఉంది, 2016 నుంచి ఆ లక్ష్యం అందింది లేదు. కానీ ఆ ఎదురుచూపులో కూడా రోగి వచ్చి మా జిమ్‌లో తొడ గట్టిపరచుకుంటాడు. ధనిక దేశపు ఏసీఎల్ వైద్యంలో ఖరీదైన భాగం సర్జను కత్తి అని జనం అనుకుంటారు. పద్నాలుగేళ్లు ఆ జిమ్‌లో నిలబడినవాడిగా నేను ఒప్పుకోను. నగరిలో వాడికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోవాలంటే, వారానికి మూడు పూటల కూలి పోవాలి, బస్సు చార్జీలు వేరే.

ఏడో రోజు, గురువారం: మగ్గాల షెడ్డు

పొద్దున ఇంట్లో, సాయంత్రం షెడ్డులో గడిచింది. ఇంట్లో మా జిమ్‌ను చిన్నమ్మ సామానుతో కట్టాం. మడమ కింద మడిచిన దుప్పటి పెట్టి మోకాలిని నేలకు అదమడం, పట్టెమంచం మీద నుంచి ఒంటికాలితో లేచి మళ్లీ మెల్లగా కూర్చోవడం, గడప మీదికి ఎక్కడం దిగడం, గోడకు వీపు ఆనించి కుర్చీ లేకుండా కుర్చీలా నిలబడడం. కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి కాలు వెనక్కి లాగడం నేర్పాను. పట్టీ తెగిపోతే పాత సైకిలు ట్యూబు చాలు. దిగడం ఎక్కడం కంటే నిదానంగా ఉండాలని నాలుగుసార్లు చెబితే, మరదలు అందుకుని, "బావా, నేను అంకెలు లెక్కపెడతా, ఐదు దాకా వచ్చేలోపు కాలు దించితే అన్నం పెట్టను," అంది. మా వార్డులో ఇంత గట్టి పర్యవేక్షణ లేదు.

షెడ్డులో రెండు మగ్గాల మధ్య సందు రెండడుగులు. పేకను, అంటే అడ్డపోగును, మోసే నాడె ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది. పేక పోగు అయిపోతే మగ్గం నిలిచిపోతుంది, కండె మార్చాలి. కుడివైపు మగ్గం ఆగిన చప్పుడు వినగానే తమ్ముడు మడమ నేలకు ఆనించి, నడుము పైభాగం ఒక్కసారి వెనక్కి తిప్పుతాడు. పాదం కదలదు, మోకాలే మెలితిరుగుతుంది. లిగమెంటు లేని మోకాలికి ఇంతకంటే చెడ్డ కదలిక లేదు. పూటకు ఎన్నిసార్లు అని వాడి పక్కవాణ్ని అడిగితే నవ్వి, లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే బట్ట ఎవరు నేస్తారు అన్నాడు. తిరిగేటప్పుడు పాదాలు ఎత్తి, చిన్న చిన్న మూడు అడుగులుగా తిరగడం నేర్పాను. మొదటి గంటలో వాడు అచ్చం తోలుబొమ్మలా తిరిగాడు, షెడ్డంతా నవ్వారు. మగ్గాల యజమాని మాత్రం నవ్వలేదు. కాసేపు చూసి, కండెలపెట్టెను వెనకవైపు నుంచి ముందుకు జరిపించాడు. దానితో సగం తిరుగుళ్లు తప్పాయి. ఆ ఆలోచన నాకు రాలేదు.

ఎనిమిదో రోజు, శుక్రవారం: బయలుదేరడం

కొలతటేపు, రబ్బరు పట్టీలు అక్కడే వదిలేశాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఐదున్నరకు, లివర్‌పూల్‌లో మధ్యాహ్నం పన్నెండుకు, వీడియోలో చూస్తానని, మరదలు తొడ కొలత తీసి చూపించాలని ఒప్పందం. రాణీపేటలో రాసిచ్చిన తేదీని చిన్నమ్మ దేవుడి పటాల పక్కన కేలండరు మీద పసుపుతో గుర్తుపెట్టింది. ఆ తేదీ నాటికి మూడున్నర సెంటీమీటర్ల తేడా రెండు లోపుకు రావాలని నా లెక్క. మోకాలు ఇంకా జారుతుంటే ఆపరేషనే. అప్పటికి డబ్బు సంగతి నేను చూసుకుంటానంటే వాడు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

చెన్నై బస్సు వచ్చింది. తమ్ముడు సంచి అందించి, కిటికీ కింద నిలబడి, "చేరంగానే ఫోను చెయ్యన్నా," అన్నాడు. బస్సు కదిలాక వెనక్కి చూశాను. చెయ్యి ఊపి ఇంటివైపు తిరగబోయి, ఒక్క క్షణం ఆగి, పాదం ఎత్తి, ఒకటి, రెండు, మూడు అడుగులుగా తిరిగాడు.